ఇరవై ఏళ్లుగా చావిట్లో పడున్న 76 మోడల్ యెజ్డీ – తుక్కుకి ఇచ్చేయాలా, బాగు చేయించాలా?

తెనాలి కుర్రోడు
మా పెదనాన్నది 1976 యెజ్డీ 250 బైకు. ఆయన పోయాక దాన్నెవరూ ముట్టుకోలేదు, ఇరవై ఏళ్లకి పైనే గొడ్ల చావిట్లో చొప్పకట్టల వెనక పడుంది. చావిడి పీకి రేకుల షెడ్డు వేద్దామని సామానంతా బయటేస్తుంటే కంటబడింది. టైర్లు రెండూ మట్టిలో కూరుకుపోయాయి, సీట్లో పీచు ఎలుకలు లాగేశాయి, ట్యాంకు మూత తీస్తే లోపలంతా ఎర్రగా తుప్పు. కిక్ అసలు దిగట్లేదు. పాత ఇనుము కొనేవాడు 4 వేలు ఇస్తానంటున్నాడు. ఊళ్లో మెకానిక్కేమో "ఇంజన్ మీద సుత్తితో రెండు తగిలిస్తే దిగుద్ది, బ్యాటరీ వేసి పెట్రోలు పోస్తే సాయంత్రానికి నడిపిచ్చేస్తా" అంటున్నాడు. ఆటోనగర్‌లో ఒకాయన మొత్తం చేసివ్వడానికి 90 వేలు చెప్పాడు. నాకు బండ్ల గురించి తెలిసింది తక్కువ, నేను తొక్కేది స్కూటీ. ఆర్సీ పుస్తకం ఉంది గానీ ఓ మూల చెదలు తిన్నాయి. తెలిసినవాళ్లు చెప్పండి, ఇది అయ్యే పనేనా?

పొగబండి
సుత్తి మాట ఎత్తినవాణ్ణి గేటు లోపలికి రానివ్వకు. మిగతాది తర్వాత చూద్దాం.

గుంటూరు మిర్చి
4 వేలెందుకు, నేను 5 ఇస్తా. రేపే వచ్చి ట్రాలీ ఆటోలో ఎక్కించుకుపోతా.

పొగబండి
వచ్చాడండీ దానకర్ణుడు. తమ్ముడూ, నడవని యెజ్డీ కూడా కాగితాలుంటే ఇవాళ ఎంత పలుకుతుందో పాత బండ్లు అమ్మే పేజీల్లో ఓసారి చూసుకో, తర్వాత ఈ మిర్చితో మాట్లాడు.

టూస్ట్రోక్ బాబాయ్
పట్టేసిన ఇంజనంటే పోయిన ఇంజనని కాదు. దీని సిలిండరు పోత ఇనుము, పిస్టన్ అల్యూమినియం. ఏళ్ల తరబడి చెమ్మ తగిలితే బోరుకి, అంటే సిలిండరు లోపలి గోడకి, తుప్పు పడుతుంది, పిస్టన్ రింగులు దానికి అంటుకుపోతాయి. నూటికి తొంభై పట్టేసిన బండ్లలో జరిగేది ఇదే. కాబట్టి ముందు ప్లగ్గు విప్పు. ఆ బెజ్జంలోంచి డీజిలూ, ఆటోమేటిక్ గేరు బండ్లలో పోసే ఎర్ర ఆయిలూ సగం సగం కలిపి ఓ టీ గ్లాసుడు పొయ్యి. పిస్టన్ కింద ఆగి ఉంటే పోసిందంతా సైలెన్సర్ల దారిన కారిపోతుంది, అందుకని సైలెన్సర్లు రెండూ ముందే ఊడదీసి టార్చి వేసి చూడు. ఒక్క సిలిండరుకే రెండు దారులు కదా, ఏదో ఒకదాంట్లోంచి పిస్టన్ ఎక్కడుందో తెలుస్తుంది. వారం పాటు రోజూ కాస్త పోస్తూ వదిలెయ్.

తర్వాత కూడా కిక్ తొక్కొద్దు. యెజ్డీలో గేరు లీవరే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్ రాడ్డవుతుంది, దాని పళ్లు విరిగితే ఇంజన్ మొత్తం విప్పాలి. బండిని టాప్ గేర్లో పడేసి వెనక చక్రం పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపు. బలం వద్దు, ఓపిక కావాలి. ఇవాళ కదలకపోతే ఇంకాస్త ఆయిలు పోసి మళ్లీ ఎల్లుండి ఊపు.

కదిలింది కదా అని స్టార్ట్ మాత్రం చెయ్యకు. అసలు ప్రమాదం అక్కడుంది.

తెనాలి కుర్రోడు
స్టార్టయితే ప్రమాదమేంటి బాబాయ్? అవ్వకపోతే కదా బాధ.

టూస్ట్రోక్ బాబాయ్
టూ స్ట్రోక్‌లో క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) బేరింగులకి వేరే ఆయిలుండదు, పెట్రోల్లో కలిపింది పోతూ పోతూ తడిపేదే. ఇరవై ఏళ్లు ఆ తడి కూడా లేదు. బేరింగు గోళీల మీద తుప్పు చుక్కలు పడి ఉంటాయి. మీ మెకానిక్ చెప్పినట్టు సాయంత్రానికి స్టార్టవుద్ది, నాలుగు వీధులు తిరుగుద్ది, ఊరు దాటాక కనెక్టింగ్ రాడ్డు కింద బేరింగు పోయి గలగలమంటుంది. అప్పుడు బాగున్న బోరు కూడా పాడైపోద్ది.

ఇంకోటి, క్రాంకుకి రెండు పక్కలా ఆయిల్ సీళ్లుంటాయి. ఎండిపోయి బిరుసెక్కి ఉంటాయి. డైనమో పక్క సీలు పోతే గాలి లాగుతుంది, పెట్రోలు-గాలి మిక్చర్ పలచబడి ఇంజన్ వేడెక్కి మళ్లీ పట్టేస్తుంది. క్లచ్ పక్క సీలు పోతే గేరుబాక్సు ఆయిలు లాగి ఊరంతా తెల్లపొగ పెడుతుంది. సీళ్ల ఖర్చు వందల్లోనే. వాటికోసం ఇంజన్ రెండు ముక్కలు చెయ్యాలి, అదే అసలు పని. ఎటూ విప్పుతున్నావు కాబట్టి బేరింగులు కూడా మార్పించెయ్.

కాకినాడ కాజా
నాదో వేరే మాట. ముందు పెయింటు, నికెలు, సీటు చేయించు. మా ఇంట్లో రాజ్‌దూత్‌ని నేను ఇంజన్ నుంచి మొదలెడితే ఆరు నెలలు వసారాలో ముక్కలుగా పడుంది, మా ఆవిడ రోజూ "ఈ తుక్కెప్పుడు తీస్తారు" అని. ట్యాంకుకి రంగేయించి తెచ్చి పెట్టగానే అదే మనిషి ఫొటో దిగి స్టేటస్ పెట్టింది. ఆ తర్వాత డబ్బులడిగితే ఒక్క మాట అనలేదు.

లావణ్య_హనుమకొండ
కాజా గారి సలహా సంసారానికి మంచిదే కానీ బండికి కాదు. మా నాన్న యెజ్డీ రోడ్‌కింగ్‌ని ఓ వర్క్‌షాపుకిస్తే వాళ్లూ ఇలాగే ముందు పెయింటు కొట్టారు. అద్దంలా మెరిసింది. తర్వాత ఇంజన్ బిగిస్తుంటే స్పానర్ జారి ఫ్రేము మీద గీతలు, కార్బొరేటర్లోంచి పెట్రోలు కారి డైనమో కవరు మీద రంగు పొంగి లేచింది. రెండోసారి పెయింటుకి మళ్లీ మా డబ్బే. ముందు నడవాలి, కనీసం రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగి కారేవి, ఊగేవి అన్నీ బయటపడాలి. అప్పుడు మొత్తం విప్పి రంగు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఫ్రేముని ఇసుక బ్లాస్టింగుకి ఇచ్చే ముందు స్టీరింగ్ దగ్గరుండే ఛాసిస్ నంబరు మీద మందంగా టేపు వేయించు. కొందరు గుడ్డిగా బ్లాస్ట్ చేసి ఆపైన పౌడర్ కోటింగ్ పోస్తారు, నంబరు పూడిపోతుంది. రేపు బ్రేక్ ఇన్‌స్పెక్టరు పెన్సిల్ ప్రింటు తియ్యమంటే కాగితం మీద ఏమీ రాదు.

ఆర్సీ గురువు
లావణ్య గారు చెప్పింది బంగారం. అసలు నా సలహా ఏంటంటే స్పానర్ పట్టే ముందే కాగితాల సంగతి చూసుకో. ఆర్సీ పెదనాన్న పేరు మీదే ఉందా? వారసులెవరు?

తెనాలి కుర్రోడు
ఆయన పేరు మీదే. పెద్దమ్మ ఉన్నారు, పిల్లలు లేరు. ఆమె నన్నే తీసుకోమంటున్నారు.

ఆర్సీ గురువు
అయితే సులువే. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ పెట్టి ఫారం 31తో ముందు పెద్దమ్మ పేరు మీదికి, అక్కణ్నించి నీ పేరు మీదికి. మూడక్షరాల పాత నంబరు అయ్యుంటుంది, కంప్యూటర్లో ఎక్కి ఉండదు. ఆర్టీవో ఆఫీసులో బ్యాక్‌లాగ్ ఎంట్రీ అడుగు, పాత రిజిస్టరు వెతికి ఎక్కిస్తారు. ఒక్కసారి వెళ్తే అయ్యే పని కాదు, క్లర్కుతో మంచిగా ఉండు. తర్వాత ఫారం 25తో రెన్యువల్, బండి చూపించాలి, ఇన్సూరెన్సు, పొల్యూషన్, గ్రీన్ ట్యాక్సు. ఐదేళ్లకోసారి మళ్లీ ఇదే తంతు. ఇరవై ఏళ్ల ఆలస్యానికి అపరాధ రుసుం ఎంత లెక్కేస్తారో ముందే అడిగి తెలుసుకో.

శేషు_వైజాగ్
ఇంత గొడవెందుకు, 50 ఏళ్లు దాటితే వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు కదా. కొత్త నంబరు ప్లేటిస్తారు, మధ్యలో వీఏ అని ఉంటుంది. చూడ్డానికి దర్జా.

ఆర్సీ గురువు
దర్జాయే, కానీ పూర్తిగా చదివావా? 2021 జులైలో కేంద్రం తెచ్చిన రూలు అది. తొలి రిజిస్ట్రేషన్ తేదీకి 50 ఏళ్లు నిండాలి. ఇతనిది 1976 కాబట్టి 2026లో ఆ తేదీ దాటాలి. కొత్తగా చేయిస్తే ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు. అన్నిటికీ మించి ఆ నంబరుతో రోజూ రోడ్డెక్కడం కుదరదు. ప్రదర్శనకీ, ర్యాలీకీ, పెట్రోలు కొట్టించుకోడానికీ, రిపేరుకీ మాత్రమే. తెనాలి నుంచి గుంటూరుకి పనిమీద పోయొస్తానంటే మామూలు ఆర్సీయే రెన్యువల్ చేయించుకోవాలి.

శేషు_వైజాగ్
అంటే టీ తాగడానికి పోతూ ఆపితే ర్యాలీ అని చెప్పాలన్నమాట.

పొగబండి
పెట్రోలు కొట్టించుకోడానికని చెప్పు. ఈ బండి తాగే లెక్కకి నమ్ముతారు.

రాణిగంజ్ రాజా
తమ్మీ, సామాన్ల గురించి పరేషాన్ గాకు. పిస్టన్, రింగులు, సీళ్లు, ప్యాకింగులు, క్లచ్ ప్లేట్లు, కేబుళ్లు సికింద్రాబాద్ రాణిగంజ్‌ల దొరుకుతయ్. గని డబ్బా మీద పేరు జూసి కొనకు, ఒక్కో కంపెనీ మాల్ ఒక్కో తీరుగుంటది. పాత పార్టు చేతుల పట్టుకొనిపో, పక్కన పెట్టి కొలిచి తీసుకో. మీటరు, హెడ్‌లైట్ రింగు, ట్యాంకు బ్యాడ్జి అసువంటి ఒరిజినల్ సామాన్లు గురువారం హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్ల దిరిగితే ఒక్కోసారి తగుల్తయ్. పొద్దుగాల్నే పోవాలె, తొమ్మిది దాటితే మంచియి మిగలవు. ధర సగం జెప్పి మొదలుపెట్టు.

డల్లాస్ దొరబాబు
నేనిక్కడ 1960ల జావా ఒకటి చేశాను. దీని మూలం చెక్ దేశపు జావా బండే కదా, జావా 250 తరగతి పార్టులు యూరప్‌లో ఇంకా కొత్తగా తయారు చేస్తున్నారు, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కొలతలు చాలావరకు సరిపోతాయి కానీ మైసూరులో చేసినవాటిలో మధ్యమధ్య మార్పులు చేశారు. ఫొటో పెట్టి అడక్కుండా కొనొద్దు. కస్టమ్స్ సుంకం కూడా లెక్కేసుకో, వంద రూపాయల రబ్బరు ముక్కకి వెయ్యి తగలెయ్యొద్దు.

గుంటూరు మిర్చి
జావా, యెజ్డీ ఒకటేనా? ఇప్పుడు షోరూముల్లో అమ్మే కొత్త యెజ్డీ పార్టులు దీనికి పడతాయా మరి?

టూస్ట్రోక్ బాబాయ్
పడవు, పేరొక్కటే ఒకటి. కొత్తవి ఫోర్ స్ట్రోకు, నీళ్లతో చల్లబడే ఇంజన్లు. జావా 2018లో, యెజ్డీ 2022లో మళ్లీ వచ్చాయి. పాతవి మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీలో చేసినవి. 1961 నుంచి జావా పేరు, 1973 నుంచి యెజ్డీ పేరు, 1978లో రోడ్‌కింగ్, 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. బోరు 65, స్ట్రోకు 75 మిల్లీమీటర్లు. జావా నుంచి యెజ్డీకి మారినప్పుడు మొదట్లో ట్యాంకు మీద పేరు తప్ప పెద్దగా మారింది లేదు.

అనంతపురం అన్న
ఎవరూ కరెంటు సంగతి ఎత్తట్లేదు. ఆరు ఓల్టుల డైనమో పీకి పారేసి 12 ఓల్టుల సీడీఐ కిట్టు (పాయింట్లు లేకుండా స్పార్కు ఇచ్చే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) వేయించుకో. హెడ్‌లైటు వెలుగులో రోడ్డు కనపడాలి కదా. స్పార్కు కోసం విడిపడుతూ కలుసుకునే పాయింట్లు, కండెన్సరు, కటౌటు, కార్బన్ బ్రష్షులు, ఇన్ని పెట్టుకుని ఎవరు చావాలి? నా బండికి కిట్టు వేయించాక పాయింట్ల డబ్బా మూత తీసింది లేదు.

టూస్ట్రోక్ బాబాయ్
అన్నా, నీ బండి నీ ఇష్టం. కానీ అతనికి 50 ఏళ్ల బండి దొరికింది, దాంట్లో ఒరిజినల్ డైనమో ఉంది. పెద్దాయన రాత్రిళ్లు దాని వెలుగులోనే పొలం నుంచి వచ్చాడు. కుదిరిగ్గా సర్దితే అవీ పనిచేస్తాయి. బ్రష్షులు కొత్తవి వెయ్యి, ఆర్మేచర్ మీద రాగి పట్టీలు గరుకు కాగితంతో శుభ్రం చెయ్యి, పాయింట్ల మధ్య సందు 0.4 మిల్లీమీటరు పెట్టు, కండెన్సరు కొత్తది వెయ్యి. మంచి ఆరు ఓల్టుల బ్యాటరీ ఉండాలి, అదొక్కటే షరతు. ఈ బండికి బ్యాటరీ చచ్చిపోతే స్పార్కు కూడా ఉండదు.

అనంతపురం అన్న
అదే కదా నేను చెప్పేది! బ్యాటరీ పోతే నడిరోడ్డు మీద నెట్టుకుంటూ రావాలి. కదిరి ఘాట్లో చీకటి పడ్డాక ఆరు ఓల్టుల బల్బుతో బండి తోలి చూడండి, ఒరిజినాలిటీ మోజు అక్కడే దిగిపోద్ది.

లావణ్య_హనుమకొండ
మధ్యేమార్గం: కిట్టు వేయించినా పాత డైనమో, కాయిలు, కటౌటు అన్నీ గుడ్డలో చుట్టి పేరు రాసి దాచుకో. మళ్లీ పెట్టుకోవాలంటే గంట పని. నేనదే చేశాను. పాత సామాను మెకానిక్ దగ్గర వదిలి రావద్దు, అది ఇంకెవరి బండిలోనో తేలుతుంది.

పొగబండి
ఆరు, పన్నెండు కలిపి తొమ్మిది ఓల్టులు పెట్టుకోండి, గొడవ వదిలిపోద్ది.

తెనాలి కుర్రోడు
కదిలింది!! బాబాయ్ చెప్పినట్టు ఆయిలు పోస్తూ చక్రం ఊపుతూ వచ్చాను. నిన్న సాయంత్రం ముందు అంగుళం జరిగి ఆగింది, ఇంకో అరగంటకి చక్రం పూర్తిగా తిరిగింది. ఈ రోజు తెలిసిన లేతు మేస్త్రీని పిలిచి హెడ్డు, బోరు పైకి తీయించాను. బోరు లోపల మధ్యలో పిస్టన్ ఆగిన చోట గోధుమరంగు చార చుట్టూతా ఉంది, దాని కిందా పైనా గోడ మెరుస్తూనే ఉంది. చార మీద గోరు పెట్టి లాగితే గోరు తగులుకుంటోంది. పై రింగు గాడిలోంచి రావట్లేదు. ఎయిర్ ఫిల్టరు డబ్బాలో మాత్రం కందిరీగలు మట్టిగూడు కట్టుకున్నాయి, పూర్తిగా నిండిపోయింది. రాడ్డు పట్టుకుని పక్కలకి కదిపితే కొంచెం ఊగుతోంది. పోయినట్టేనా?

టూస్ట్రోక్ బాబాయ్
గోరు తగులుకుంటే రీబోర్, అంటే బోరుని కాస్త పెద్దది చేసి నున్నగా కోయించడం, తప్పదు. పక్కలకి ఊగడం మామూలే, అది ఉండాలి. రాడ్డుని నిటారుగా పట్టుకుని పైకీ కిందికీ లాగు. అలా టక్ టక్ అంటే క్రాంకు రీబిల్డుకి పోవాలి, కొత్త పిన్ను, రాడ్డు, బేరింగు వేసి ప్రెస్సులో బిగించి డయల్ గేజీ పెట్టి సరిచూస్తారు. అది లేతు ఉన్న ప్రతివాడూ చేసే పని కాదు, క్రాంకులే చేసేవాణ్ణి వెతుక్కో.

రీబోర్ విషయంలో ఒక్క మాట. ముందు పిస్టన్ కొను, తర్వాతే బోరుకి ఇవ్వు. పావు, అర, ముప్పావు, ఒక మిల్లీమీటరు, ఇలా పెద్ద సైజులుంటాయి. దొరికిన పిస్టన్‌ని కొలిచి దానికి తగ్గట్టు బోరు చేయాలి. కొందరు ముందే బోరు కొట్టేసి "ఆ సైజు తెచ్చుకోండి" అంటారు, నువ్వు ఊళ్లు పట్టుకు తిరగాలి. బిగించేటప్పుడు పిస్టన్ మీద బాణం గుర్తు సైలెన్సర్ల వైపుండాలి, రింగుల మూతులు గాడిలోని చిన్న పిన్నుల దగ్గర కూర్చోవాలి, గుడ్జన్ పిన్ను (పిస్టన్‌ని రాడ్డుకి కలిపేది) సర్‌క్లిప్పులు కొత్తవే వెయ్యాలి. పాత క్లిప్పు ఊడి బోరులో పడితే చేసిందంతా గోవిందా.

తెనాలి కుర్రోడు
పైకీ కిందికీ కొంచెం కూడా కదలట్లేదు. తిప్పితే మాత్రం బేరింగు దగ్గర గరగరమంటోంది.

టూస్ట్రోక్ బాబాయ్
ఆ గరగరే నేను చెప్పిన తుప్పు. ఇంజన్ కేసు విప్పించు.

రాణిగంజ్ రాజా
కేసు ఇప్పేటప్పుడు స్క్రూడ్రైవరు సందుల వెట్టి ఎగదన్ననియ్యకు. పుల్లర్‌తోనే తీపియ్యి. అల్యూమినియం మూతి మీద గీత పడితే ఎంత ప్యాకింగు ఏసినా కారుతనే ఉంటది.

శేషు_వైజాగ్
ట్యాంకు సంగతి? నేను టాయిలెట్ కడిగే యాసిడ్ పోసి గంట ఉంచా, తెల్లగా వచ్చేసింది. చవక, సులువు.

లావణ్య_హనుమకొండ
తెల్లగా వస్తుంది, సోడా నీళ్లతో సరిగ్గా కడక్కపోతే మర్నాటికి మళ్లీ ఎర్రబడుతుంది. అతుకుల దగ్గర రేకు పలచబడి ఉంటే యాసిడ్ అక్కడే బెజ్జం పెడుతుంది. నేను చేసింది వాషింగ్ సోడా పద్ధతి. ట్యాంకు నిండా నీళ్లు, చాకలి సోడా కొంచెం. మధ్యలో మామూలు ఇనప కడ్డీ ట్యాంకుకి తగలకుండా రబ్బరు బిరడాతో వేలాడదియ్యాలి. బ్యాటరీ చార్జరు పాజిటివ్ కడ్డీకి, నెగటివ్ ట్యాంకుకి. తిరగేసి పెడితే ట్యాంకే కరుగుతుంది, రెండుసార్లు చూసుకోవాలి. ఒక రాత్రికి తుప్పు కడ్డీకి పట్టి పైన గోధుమరంగు నురగ తేలుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ వాడొద్దు, విషపు నీళ్లొస్తాయి. ఆరుబయటే చెయ్యాలి, హైడ్రోజన్ వస్తుంది, పక్కన బీడీ కాల్చేవాళ్లు ఉండకూడదు. అయ్యాక కడిగి ఎండబెట్టి వెంటనే పెట్రోలు, ఆయిలు కలిపి లోపలంతా తడపాలి.

కాకినాడ కాజా
మా పక్కింటాయన ట్యాంకులో గుప్పెడు నట్లు వేసి పిల్లాడి చేత ఊపించాడు. తుప్పు రాలింది. ఒక నట్టు మాత్రం ఇప్పటికీ లోపలే ఉంది, మలుపు తిరిగినప్పుడల్లా గణగణమంటుంది.

అనంతపురం అన్న
కార్బొరేటర్ కూడా విప్పించు. జెట్టు బెజ్జం పిన్నీసుతో పొడవొద్దు, బెజ్జం పెద్దదైతే ఇక ఆ బండి ట్యూనింగుకి రాదు. కరెంటు వైర్లోంచి ఒక్క రాగి పోగు లాగి దాంతో శుభ్రం చేసి, ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకుని చూడు. గుండ్రంగా చుక్క వెలుగు కనపడితే తెరుచుకున్నట్టు. సైలెన్సర్ల లోపలి గొట్టాలు కూడా ఊడదీసి కార్బన్ కాల్పించు, సగం మూసుకుపోయి ఉంటే బండి లాగదు. కాస్టిక్ సోడాలో నానేస్తే ఇంకా శుభ్రంగా వస్తుంది కానీ అల్యూమినియం దేన్నీ దాంట్లో ముంచకు, తినేస్తుంది.

డల్లాస్ దొరబాబు
ఇప్పుడు ఇండియాలో పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు కదా. ఈ బండిలో రబ్బరు, కార్కు వాషర్లు అప్పటి పెట్రోలుకి చేసినవి, ఉబ్బిపోతాయి. పెట్రోలు పైపు, కాక్ (ట్యాంకు కింద పెట్రోలు తిప్పే మీట) వాషర్లు ఇథనాల్ తట్టుకునే రకం వెయ్యి. ఇంకా పెద్ద తలనొప్పి, ఇథనాల్ గాలిలో తడి లాగుతుంది. బండి నెలల తరబడి ఆగితే నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగున చేరతాయి. ఆ అడుగు పొరలో నువ్వు కలిపిన 2టీ (టూ స్ట్రోక్) ఆయిలు ఉండదు. కాక్ తిప్పగానే ముందు అదే ఇంజన్లోకి పోతుంది. ఆపి ఉంచేట్టయితే ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేసి పెట్టు.

గుంటూరు మిర్చి
ఆయిలు ఎంత కలపాలి మరి? మా తాత లీటరుకి యాభై మిల్లీలు అనేవాడు.

టూస్ట్రోక్ బాబాయ్
తాత చెప్పింది అప్పటి ఆయిలుకి. ఇవాళ్టి మంచి 2టీ ఆయిలైతే లీటరుకి 40 చాలు. కొత్త బోరు కాబట్టి మొదటి ఐదొందల కిలోమీటర్లు 50 వేసుకో, వేగం 50 దాటనివ్వకు, పది పదిహేను కిలోమీటర్లకోసారి ఆపి చల్లార్చు.

అనంతపురం అన్న
నేను 30 వేస్తా. పొగ తక్కువ, ప్లగ్గు నల్లబడదు.

టూస్ట్రోక్ బాబాయ్
పిస్టన్ కూడా తొందరగా తెల్లబడుద్ది అన్నా.

పొగబండి
పొగ తగ్గిస్తే నా పేరేం కావాలి?

తెనాలి కుర్రోడు
చాలా రోజులకి వచ్చాను, క్షమించాలి. కేసు విప్పించి బేరింగులు, సీళ్లు, పిస్టన్ సెట్టు, క్లచ్ ప్లేట్లు అన్నీ వేయించాను. బోరు అర మిల్లీమీటరు సైజుకి పోయింది. ట్యాంకు సోడా పద్ధతిలోనే చేశాం, నురగ చూసి మా పెద్దమ్మ వాకిట్లోంచి అవతల పెట్టించారు. టైర్లు, ట్యూబులు, బ్రేక్ షూలు, కేబుళ్లు కొత్తవి. డైనమో ప్రస్తుతానికి పాతదే ఉంచాను, బ్రష్షులు మార్చాం. ఇప్పటిదాకా పెయింటు కాకుండా 38 వేలు దాటింది.

నిన్న స్టార్ట్ చేశాం. అయ్యింది! కానీ కిక్ కొడుతుంటే కాలిని వెనక్కి తంతోంది, మడమ వాచింది. స్టార్టయ్యాక కూడా ఎక్సలేటర్ తిప్పితే సైలెన్సర్లో టప్ టప్ అంటూ కొట్టుకుంటోంది.

టూస్ట్రోక్ బాబాయ్
వెనక్కి తన్నుతోందంటే టైమింగు ముందుకి పోయింది. ముందు పాయింట్ల సందు 0.4 ఉందో లేదో చూడు, అది మారితే టైమింగు కూడా మారుతుంది. తర్వాత చిన్న ఆరు ఓల్టుల బల్బు తీసుకుని ఒక వైరు పాయింట్ల వైరుకి, ఇంకోటి ఇంజన్ బాడీకి పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి క్రాంకుని మెల్లగా తిప్పు. బల్బు వెలిగిన క్షణమే పాయింట్లు విడిపోయినట్టు. ఆ క్షణానికి పిస్టన్ పైకొసకి ఇంకా ఎంత దూరంలో ఉందో ప్లగ్గు బెజ్జంలోంచి డయల్ గేజీ పెట్టి చూడాలి. నీ మోడల్ మాన్యువల్లో ఆ కొలత ఉంటుంది, దాని ప్రకారమే పెట్టు, అందాజా మీద వద్దు. మడమకి ఐసు పెట్టు, బూట్లేసుకుని కొట్టు.

అనంతపురం అన్న
సీడీఐ వేసుంటే ఈ గోలే లేదు. ఊరికే గుర్తు చేస్తున్నా.

పొగబండి
అన్న ఇంకా మర్చిపోలేదు.

తెనాలి కుర్రోడు
టైమింగు దగ్గరే ఉంది తేడా, సరిచేశాక తన్నట్లేదు. కండెన్సరు కూడా కొత్తది వేశాం, పాయింట్ల మీద మెరుపులు తగ్గాయి, కొట్టుకోడం పోయింది. చెరువుకట్ట దాకా పోయొచ్చాను. ఒక్క చిక్కు, గేరు లీవరు తొక్కితే క్లచ్ దానంతటదే తప్పుకుంటుందని నాకెవరూ చెప్పలేదు, నేను చేత్తో క్లచ్ కూడా నొక్కుతూ ఉన్నాను.

రాణిగంజ్ రాజా
రెండూ వాడు తమ్మీ, నష్టం లేదు. క్లచ్ కేబులు తెగినప్పుడు ఆ లీవరే ఇల్లు చేరుస్తది. మిక్చర్ మంచిగుందా లేదా, ప్లగ్గు ఇప్పి రంగు జూడు. కాఫీపొడి రంగుంటే బేఫికర్.

ఆర్సీ గురువు
కాగితాలెక్కడిదాకా వచ్చాయి? చెరువుకట్ట వరకు సరే, మెయిన్ రోడ్డెక్కకు అప్పుడే.

తెనాలి కుర్రోడు
బ్యాక్‌లాగ్ ఎంట్రీ అయింది, పెద్దమ్మ పేరు మీదికి మారింది. నా పేరుకి అప్లై చేశాను. ఇన్‌స్పెక్టరు గారు బండి చూసి పెన్సిల్ ప్రింటు తీసుకున్నారు, తర్వాత ఓ రౌండు తోలుతానని తీసుకెళ్లి పావుగంటకి గానీ రాలేదు. మామూలు రెన్యువల్‌కే పోతున్నా, వీఏ వద్దనుకున్నా.

గుంటూరు మిర్చి
ఇప్పుడు ఎంతకిస్తావ్?

తెనాలి కుర్రోడు
పెద్దమ్మని అడగండి.

కాకినాడ కాజా
పెయింటు ఏ రంగు? మెరూన్ వేయించు, ట్యాంకు పక్కన నికెలుతో అదిరిపోద్ది.

లావణ్య_హనుమకొండ
ముందు మూడొందల కిలోమీటర్లు తిరగనివ్వండి సార్!

చీరాల చిన్నా
ఇక్కడే అడగొచ్చా? మా మామయ్య దగ్గర రాజ్‌దూత్ 175 ఉంది, ఇంజన్ తిరుగుతోంది కానీ స్పార్కు రావట్లేదు, కాయిలు మార్చినా అంతే.

టూస్ట్రోక్ బాబాయ్
వేరే టాపిక్ పెట్టు చిన్నా, ఇక్కడైతే కలగాపులగం అయిపోద్ది. పాయింట్ల ఫొటో, వైరింగ్ ఫొటో రెండూ పెట్టు. ఈలోపు పాయింట్ల మధ్య శుభ్రమైన విజిటింగ్ కార్డు పెట్టి లాగి చూడు, కార్డు మీద నల్లగా జిడ్డంటితే సగం పని అక్కడే అయిపోద్ది.